గుప్పెడు వడ్లు కుప్ప సంగతి చెబుతాయా?

ప్రశ్న: వానాకాలం వడ్లు కొనుగోలు కేంద్రానికి తీసుకెళ్లాను. పొద్దున్నే కుప్ప అంచు నుంచి గుప్పెడు తీసి మిషన్‌లో పోసి "మ్యాచర్ (తేమ శాతం) 19 ఉంది, ఇంకా ఆరబెట్టు" అన్నారు. 17 దాటితే కొనరు కదా. ఒక్క గుప్పెడుతో కుప్పంతా ఎట్లా తేలుస్తారని అడిగితే "అన్నం ఉడికిందా అని కుండంతా పిసికి చూస్తావా?" అన్నారు. ఇది న్యాయమేనా?
- ఒక రైతు, హాలియా

జవాబు: మాట బాగుంది గానీ మీ కుప్పకు అతకదు. కుండలో మెతుకులన్నీ ఒకే నీళ్లలో, ఒకే మంట మీద ఉడుకుతాయి. కుప్ప అట్లా కాదు. పైవాటికి ఎండ తగులుతుంది, అడుగువాటికి నేల చెమ్మ పడుతుంది, అంచున ఉన్నవి రాత్రి మంచుకు తడుస్తాయి. గుప్పెడు తీయడం తప్పు కాదండి, ఒక్క చోటే తీయడం తప్పు. పైన, నడుమ, అడుగున, నాలుగు వైపులా తలా కొంచెం తీసి కలిపి చూడమనండి. లేదా విడివిడిగా చూసి సగటు కట్టమనండి. మాటవరసకు ఐదు చోట్ల 16.2, 19.1, 17.0, 16.5, 16.2 వచ్చాయనుకుందాం. సగటు సరిగ్గా 17. ఆ 19.1 ఒక్కటే చూసినవాడు వద్దంటాడు, 16.2 చూసినవాడు కాంటా పెట్టేస్తాడు. వడ్లు మాత్రం అవే.

ఇంకో మాట. చోటు మీరు చూపిస్తే ఎండిన పైభాగం చూపిస్తారు, కొనేవాడు చూస్తే చెయ్యి అడుగుకే పోతుంది. దీన్నే మొగ్గు అంటాం. మోసమే కానక్కర్లేదు, మనిషి చెయ్యి అట్లాగే పోతుంది.

నేను గణాంక శాఖలో ఉన్నప్పుడు మిర్యాలగూడ వైపు దిగుబడి అంచనా కట్టే పంట కోత ప్రయోగాలకు వెళ్లేవాణ్ణి. ఏ సర్వే నంబరు, అందులో ఎక్కడ కోయాలన్నది మా ఇష్టం కాదు, యాదృచ్ఛిక అంకెల పట్టిక చెబుతుంది. పొలం నైరుతి మూలన మొదలుపెట్టి, పొడుగునా ఇన్ని అడుగులు, అడ్డంగా ఇన్ని అడుగులు వేసి మేకు కొట్టాలి. అక్కడి నుంచి 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు తాడు కట్టి, ఆ లోపలిదే కోసి, నూర్చి, తూకం వేయాలి. "సార్, అక్కడ దోమపోటు తగిలింది, ఇటు పక్క కొయ్యండి" అనేవారు కొందరు. బీమా ఉన్నవాళ్లయితే, దిగుబడి తక్కువ తేలితే పరిహారం వస్తుందని, సరిగ్గా ఆ దోమపోటు దగ్గరికే పట్టుకుపోయేవారు! ఇద్దరికీ ఒకటే జవాబు: అంకె ఎక్కడ ఆగితే అక్కడే కోత. ఆ 25 చదరపు మీటర్లలో 15 కిలోలు వస్తే, ఎకరానికి సుమారు 162 రెట్లు, అంటే 24 క్వింటాళ్ల పైచిలుకు. అయితే ఒక్క మడితో ఊరి దిగుబడి చెప్పరు, అట్లాంటివి కొన్ని కోసి సగటు తీస్తారు. మన దేశంలో ఇట్లాంటి శాంపిల్ లెక్కలకు దారి వేసినవారిలో గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ పెద్దాయన. 1931లో కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టి, బెంగాల్ జనపనార పంటను శాంపిల్‌తోనే అంచనా కట్టారు.

ప్రశ్న: సర్వే మా జిల్లాకైనా, రాష్ట్రమంతటికైనా వెయ్యి మందిని అడిగితే చాలంటారు. నమ్మొచ్చా?
- డిగ్రీ విద్యార్థిని, జడ్చర్ల

జవాబు: నమ్మొచ్చమ్మా, కానీ ఒక షరతు ఉంది. జనాభాలో ప్రతి ఒక్కరికీ సర్వేలోకి వచ్చే అవకాశం సమానంగా ఉండాలి. అప్పుడు 400 మందితో సర్వే లెక్కకూ అసలు లెక్కకూ తేడా అటూ ఇటూ 5 శాతం దాకా, వెయ్యితో 3 శాతం దాకా ఉండొచ్చు. వందసార్లు చేస్తే 95 సార్లు ఆ హద్దుల్లోనే ఉంటుంది. జనాభా లక్షలైనా కోట్లైనా దాదాపు ఇదే లెక్క. తేడా సగం కావాలంటే మాత్రం నాలుగింతల మందిని అడగాలి, ఖర్చు అక్కడే పెరుగుతుంది.

మన పాలమూరులో ఆ షరతే కష్టం. పగటిపూట ఊళ్లోకి పోయి తలుపు తడితే దొరికేది ముసలివాళ్లూ పిల్లలూ. కాయకష్టం చేసేవాళ్లు హైదరాబాద్‌లోనో ముంబైలోనో ఉంటారు. వాళ్లను వదిలేసి లక్షమందిని అడిగినా వలస మీద మీకు వచ్చేది తప్పు లెక్కే. 1936లో అమెరికాలో లిటరరీ డైజెస్ట్ అనే పత్రికకు 20 లక్షలకు పైగా జవాబులు వచ్చాయి. అధ్యక్ష ఎన్నికలో లాండన్ అనే అభ్యర్థి గెలుస్తాడని రాసింది, గెలిచింది రూజ్‌వెల్ట్. కార్లు, టెలిఫోన్లు ఉన్నవాళ్ల జాబితాల నుంచే ఎక్కువగా అడిగారు, అందులోనూ జవాబు రాసినవాళ్లు కొందరే.

ప్రశ్న: మా వీధి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 0.9 మిల్లీగ్రాములు వచ్చింది. ఊరి నీళ్లు మంచివే అనుకోవచ్చా?
- ఒక గృహిణి, మర్రిగూడ

జవాబు: అనుకోవద్దమ్మా. అది మీ బోరు సంగతి మాత్రమే. లోతును బట్టి, కింది రాయిని బట్టి పక్క బోరులోనే వేరేగా ఉండొచ్చు. ఇక్కడ సగటు కూడా పనికిరాదు. ఒక దాంట్లో 0.4, ఇంకోదాంట్లో 2.4 ఉంటే సగటు 1.4. హద్దు 1.5 కాబట్టి కాగితం మీద ఊరంతా క్షేమమే, రెండో బోరు నీళ్లు తాగే పిల్లల పళ్లు మాత్రం పాడవుతాయి. తాగే ప్రతి బోరునూ విడిగా పరీక్ష చేయించండి. ఎండాకాలంలో మట్టం దిగాక ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి. ఫలితం వచ్చేదాకా తాగడానికి మిషన్ భగీరథ నల్లా నీళ్లే వాడండి.