ఒంటిపూట బడుల రోజుల్లో కోనసీమలో ఇద్దరు మగపిల్లలతో ఎలా వేగాలి?

హైదరాబాద్ నుంచి అమలాపురం బదిలీ మీద వస్తున్నాం, ఒకడికి ఏడేళ్లు, ఇంకోడికి నాలుగేళ్లు, మార్చి నుంచి ఒంటిపూట బడులట, మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా వీళ్లని ఇంట్లో ఎలా ఆపాలి, ఎటు చూసినా కాలువలేనట కదా, ఏసీ కొనాలా అని అడిగారు. మాది పి.గన్నవరం వైపు పల్లెటూరు. నాకూ ఇద్దరూ మగపిల్లలే, పెద్దాడు మూడో తరగతి, చిన్నాడు ఒకటి. మా ఇంట్లో ఎలా గడుస్తుందో చెబుతాను. టౌన్లో అద్దె ఇంట్లో ఉండేవాళ్లకి ఇందులో కొన్ని కుదరకపోవచ్చు, కుదిరినవి తీసుకోండి.

అన్నిటికన్నా ముందు, ఆపాలన్న ఆలోచన పక్కన పెట్టండి. ఈ వయసు మగపిల్లల్ని రోజంతా ఇంట్లో కట్టేస్తే సాయంత్రానికి ఒకడి జుట్టు ఒకడి చేతిలో ఉంటుంది, మన బీపీ మన చేతిలో ఉండదు. నేను గట్టిగా పట్టుబట్టేది ఒక్క నీళ్ల దగ్గరే. బట్టలకి మరకలు, మోకాళ్లకి దెబ్బలు, అన్నం ముందు మామిడికాయలు, వీటన్నిటినీ చూసీ చూడనట్టు పోతాను. అన్నిటికీ అరిచే అమ్మ మాట పిల్లలు దేనికీ వినరు. నీళ్ల సంగతికి మళ్లీ వస్తాను.

మార్చి నడిమిలో ఒంటిపూట బడులు మొదలవుతాయి. పొద్దున్న ఏడూ ముప్పావుకి బడి, పన్నెండున్నరకి ఇల్లు. ప్రైవేటు బళ్ల టైమింగ్స్ కాస్త అటూ ఇటూగా ఉంటాయి, చేర్చేటప్పుడే కనుక్కోండి. ఏప్రిల్ ఆఖర్లో సెలవులిచ్చేదాకా ఇదే వరస. అంటే ఆరింటికల్లా లేవాలి. లేవాలంటే రాత్రి పెందలాడే పడుకోవాలి. పడుకోవాలంటే మధ్యాహ్నం సాయంత్రం అయిదింటిదాకా గుర్రు పెట్టకూడదు. కీలకం అక్కడుంది. చిన్నాడు పడుకుంటే పడుకోనిస్తాను, మూడున్నరకి మొహాన నీళ్లు చల్లి మరీ లేపుతాను. పెద్దాడిని అసలు పడుకోమనను. వాడు మా మామయ్యగారితో వీధి అరుగు మీద పులి-మేక ఆడతాడు. సుద్దముక్కతో గీత, చింతపిక్కలే మేకలు. కొత్త చింతపండు వచ్చే రోజులు కదా, మా అత్తగారు పిక్క తీస్తూ కూర్చుంటే పిక్కలకి కొదవుండదు. మామయ్యగారు మనవడి మీద కూడా ఓడిపోవడానికి ఇష్టపడరు, అందుకే ఆట రసపట్టులో ఉంటుంది. టీవీ, ఫోను పూర్తిగా బందు అని నేను గొప్పలు చెప్పను. బయట ఎండ మండిపోతుంటే ఓ గంట కార్టూన్లు చూస్తే కొంపలేం మునగవు.

పొద్దున్నే అంత తొందరలో టిఫిన్లు చేయలేం. దానికి మా ఇంట్లో ఉపాయం, రాత్రే గోరువెచ్చగా ఆరిన అన్నం మెత్తగా మెదిపి, కాచిన పాలు పోసి, ఓ స్పూను పెరుగు కలిపి మూత పెట్టేయడం. తెల్లారేసరికి తోడుకుని ముద్దలా ఉంటుంది. ఉల్లిపాయ ముక్క, మాగాయ టెంక పక్కన పెడితే చాలు. ఎండల్లో ఎక్కువసేపు ఉంచితే పులిసిపోతుంది, ఏడింటిలోపే తినిపించేయాలి. మొదట్లో మీవాళ్లు మొహం చిట్లిస్తారు. టెంక చీకడం అలవాటైతే ఇక ఇడ్లీ అడగరు.

ఎండ గురించి ఒక మాట. అంకెల్లో చూస్తే రాజమండ్రి ఎండ కన్నా మా వైపు కొంచెం తక్కువే. ఉక్కపోతే చంపుతుంది. ఫ్యాను కింద కూర్చున్నా ఒళ్లు జిడ్డోడుతూనే ఉంటుంది. పిల్లల మెడ మీద, వీపు మీద చెమటకాయలు పేలతాయి. దానికి పౌడర్లు దట్టిస్తే చెమటకి ముద్దకట్టి ఇంకా మంట. పల్చటి నూలు బనీను, రెండుపూటలా స్నానం, తడి లేకుండా తుడవడం, ఇంతకు మించి ఏమీ అక్కర్లేదు. తాగడానికి ఉప్పేసిన మజ్జిగ, కొబ్బరిబొండాం, సబ్జా నీళ్లు. బడి నుంచి రాగానే గటగటా ఐసు నీళ్లు మాత్రం ఇవ్వను. తీర్థానికో పెళ్లికో వెళ్తే ఆర్టోస్ సీసా ఒకటి, అది రామచంద్రపురంలో పుట్టిన మన గోదావరి కూల్‌డ్రింకు, పిల్లలకి చెప్పి మరీ తాగిస్తాను.

సాయంత్రం నాలుగున్నర దాటాక సముద్రం వైపు నుంచి గాలి మళ్లుతుంది. అప్పటి నుంచి చీకటి పడేదాకా వాళ్లు నా పిల్లలు కాదు, ఊరి పిల్లలు. బొమ్మలు కొనే పని మీకు పెద్దగా ఉండదు. కొబ్బరిచెట్టు మట్ట రాలితే దాని మొదలు వైపు బ్యాటంత వెడల్పుంటుంది. ఆ భాగం నరికి, సన్నపడే వైపు పిడిలా చెక్కితే క్రికెట్ బ్యాట్ రెడీ. పచ్చిమట్టైతే బరువుకి పిల్లల మణికట్లు లాగేస్తాయి, బాగా ఎండిందైతే నాలుగు బంతులకే నిలువునా చీలుతుంది. రాలి రెండు మూడు రోజులైన మట్ట మేలు. పిడికి పాత సైకిల్ ట్యూబు చుట్టించండి, లేకపోతే పీచు అరచేతుల్లో దిగుతుంది. కత్తి పని పెద్దవాళ్లదే. ఆట మాత్రం చెట్ల కింద వద్దు. ఎండుకాయ ఎప్పుడు రాలుతుందో ఎవరికీ తెలియదు, దింపు తీసే రోజైతే, అంటే చెట్టెక్కి కాయలు కోసే రోజైతే, తోటలోకే పోనివ్వకండి.

ఏప్రిల్లో తాటిముంజెలు దిగుతాయి. ముంజెలు తినేశాక మిగిలిన కాయల్లోనే అసలు మజా ఉంది. ఒకే సైజు కాయలు రెండు ఏరాలి, వాటి మధ్య జానెడు పుల్ల గుచ్చితే ఇరుసు. పంగల కర్ర ఒకటి తెచ్చి, పంగ ఆ ఇరుసుకి ఆనించి నెట్టుకుంటూ పరుగే. ఇరుసు కాయ నడిమిలో పడకపోతే బండి కుంటుతుంది. మా చిన్నాడు ఆ కుంటే బండే కావాలంటాడు, అది టకటకమని చప్పుడు చేస్తుందట. రెండ్రోజులకి కాయలు వాడి ఈగలు ముసురుతాయి, రాత్రిపూట చడీచప్పుడు లేకుండా పారేయండి. పొద్దున్నే ఏడుపు ఉంటుంది, మళ్లీ ముంజెలమ్మి వచ్చేదాకానే.

మామిడికాయల దగ్గర ఒక జాగ్రత్త. కొత్తపల్లి కొబ్బరి అనే రకం మామిడికాయలు కొంచెం ముదిరాయంటే పిల్లలు చెట్టు కిందే కొరికేస్తారు, పులుపు తక్కువ కదా. ముచ్చిక, అంటే తొడిమ, దగ్గర కారే సొన మూతికి తగిలితే కాలినట్టు పుండు పడుతుంది, వారం దాకా మానదు. కోసిన కాయ నీళ్లలో వేసి కడిగి, ముచ్చిక కోసేశాక తినాలని మీవాళ్లకి మొదటి రోజే నేర్పండి. ఉప్పూకారం మీరే కలిపి ఇస్తే ఇంట్లోనే తింటారు, దొంగతనంగా తినరు.

ఇక నీళ్లు. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1852లో ఆనకట్ట కట్టించిన దగ్గర్నుంచీ ఈ ఊళ్లకి కాలువలే ప్రాణం, వాటిని తప్పించుకుని బతకలేం. దాళ్వా, అంటే రెండో పంట వరి, చేతికొచ్చే వేళకి, ఏప్రిల్లో, మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు, మళ్లీ జూన్లో వదులుతారు. కాలువ ఎండింది కదా, ఇక టెన్షన్ లేదని కొత్తగా వచ్చినవాళ్లు అనుకుంటారు. నేనైతే ఆ రెండు నెలలే ఎక్కువ కాపలా కాస్తాను. కట్టేసే ముందు ఊళ్లో మంచినీళ్ల చెరువులు నిండుగా నింపుకుంటారు, అంటే కాలువ ఖాళీ అయ్యేసరికి చెరువు అంచుల దాకా ఉంటుంది. కాలువలో కూడా లాకుల (నీటి గేట్ల) దిగువన, వంతెనల కింద, పూడిక తీసిన చోట గుంటలు మిగులుతాయి. పైకి మోకాలి లోతు బురదనీళ్లలా కనిపిస్తాయి, దిగితే మనిషి లోతు ఉండొచ్చు. గోదావరిలో ఇసుక తవ్విన గుంటలూ అంతే. మునిగే పిల్లాడు సినిమాల్లోలా కేకలు వేయడు, చప్పుడు లేకుండానే కిందికి పోతాడు. నాలుగేళ్లవాడికైతే పెరట్లో నీళ్ల తొట్టె కూడా ప్రమాదమే, మూత పెట్టించండి. రొయ్యల చెరువుల వైపు అసలు వద్దు, అక్కడ నీళ్లతో పాటు ఏరేటర్ల కరెంటు వైర్లు కూడా ఉంటాయి.

అయినా ఆ మిగిలిన నీళ్లలో చేపలు పట్టడం ఇక్కడి పిల్లలకి పండగ. పూర్తిగా వద్దంటే దొంగచాటుగా వెళ్తారు. అందుకని మా మరిది వెంట ఉంటేనే, ఆయన ముందు దిగి కర్రతో లోతు చూశాకే. ఇద్దరు తువ్వాలు చెరో కొసా పట్టుకుని గట్టు వారకి తోలుకొస్తారు, మట్టగిడసలు చేతిలోంచి జారిపోతుంటే ఒకడి మీద ఒకడు పడతారు. జెల్ల చేప కనబడితే ముట్టుకోవద్దని గట్టిగా చెప్పాం, ముల్లు గుచ్చుకుంటే సలుపు మామూలుగా ఉండదు. తెచ్చిన చేపలు కూరకి చాలవు. మా అత్తగారు నవ్వుతూ పిల్లికి వేయబోతే, "నాయనమ్మా, అవి నావి" అని చిన్నాడు బకెట్ మీద పడుకున్నాడు ఒకసారి.

మీ పెద్దవాడికి ఏడేళ్లంటున్నారు, ఈత నేర్పించడానికి ఇదే వయసు. మా పెద్దాడికి వాళ్ల బాబాయే నేర్పాడు. పీచు తీయని ఎండుకొబ్బరికాయలు రెండు తాడుతో కలిపి కట్టి, ఆ తాడు పొట్ట కిందికి వచ్చేలా పడుకోబెడితే కాయలు తేలుస్తాయి. అరటిబొంద పట్టుకుని కాళ్లు కొట్టడం కూడా నేర్పుతారు. చేయి అందేంత దూరంలో ఈత వచ్చిన పెద్ద మనిషి నీళ్లలోనే నిలబడాలి, గట్టు మీద కూర్చుని ఫోను చూసుకునేవాళ్లు లెక్కలోకి రారు. కాలువ కట్టేసేలోపు మొదలుపెట్టండి, లేదా జూన్లో నీళ్లొచ్చాక, మొదటి ఉరవడి తగ్గనిచ్చి. ఈత వచ్చాక కూడా ఒంటరిగా గట్టుకి వెళ్లకూడదన్న రూలు మారదు.

దాళ్వా కోతలప్పుడు పాములు కూడా కదులుతాయి. గడ్డిమేటు ఎక్కి దూకడం మగపిల్లలకి ఆనందం, ఆ సందుల్లో చేతులు పెట్టనివ్వకండి. చీకటి పడ్డాక టార్చి, చెప్పులు తప్పనిసరి. కాటు పడితే తాడు బిగించడాలు, కోయడాలు, మంత్రాలు వద్దు, కదలనివ్వకుండా వెంటనే 108కి ఫోన్ చేసి పెద్ద ప్రభుత్వాసుపత్రికి.

పండగలు వాటంతట అవే రోజుల్ని నింపుతాయి. ఉగాది ముందురోజు వేపచెట్టు కింద పాత చీర పరిచి కొమ్మలు దులిపే పని మావాళ్లదే. తీరా పచ్చడి చేశాక అందులో మామిడిముక్కలు, బెల్లం ఏరుకుని పువ్వు నాకు వదిలేస్తారు. శ్రీరామనవమికి స్టీలు గ్లాసులు పట్టుకుని పందిరి పందిరికీ తిరిగి పానకం తాగుతారు, ఆ రాత్రి అన్నం తినరు, అడగకండి. ఆ తర్వాత ఏకాదశికి వాడపల్లి వెంకన్న తీర్థం, అంటే జాతర. ఆదివారాలు ఎక్కడికైనా తీసుకెళ్లాలంటే ధవళేశ్వరం కాటన్ మ్యూజియం బాగుంటుంది. నన్నడిగితే దానికన్నా సఖినేటిపల్లి రేవులో పంటు, అంటే ఏరు దాటించే పెద్ద పడవ, ఎక్కి నరసాపురం వెళ్లి, అదే పంటులో తిరిగి రండి. బళ్లు, మనుషులు అందరూ కలిసి వశిష్ఠ గోదావరి దాటుతుంటే మీవాళ్లకి ఇంకే పార్కూ గుర్తు రాదు. రెయిలింగు పక్కన చిన్నవాడి చెయ్యి మాత్రం వదలకండి.

ఏసీ సంగతి అడిగారు కదా. మా ఇంట్లో ఉంది, మధ్యాహ్నం రెండు గంటలు వేస్తాం. కానీ ఈదురుగాలికి కొబ్బరిమట్ట వైర్ల మీద పడిందంటే కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పలేం. ముందు ఇన్వర్టర్, కిటికీలకి దోమల జాలీ పెట్టించుకోండి. పైఅంతస్తులో ఇల్లు దొరికితే, అందులోనూ తూర్పు, దక్షిణం వైపు కిటికీలుంటే, ఆ ఏసీ కొనే పని వచ్చే ఏడాదికి వాయిదా వేయొచ్చు. ఇల్లు చూసేటప్పుడు అద్దె అడగడానికి ముందు, పెరటి గేటు నుంచి కాలువ గట్టు ఎంత దూరమో నడిచి చూడండి.