జీతం లెక్క చూశాకే క్వార్టర్‌బ్యాక్ గురించి రాయి

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. హామిల్టన్‌లో మీ కాలేజీ పత్రికకు కెనడియన్ ఫుట్‌బాల్ మీద రాయడం మొదలుపెట్టావని మీ అమ్మ చెప్పింది, చాలా సంతోషం కలిగింది. ఈ ఆటను ఎన్నో ఏళ్లుగా ప్రేమతో చూస్తున్నవాణ్ణి కనుక ఒక్క విషయంలో నీకు సలహా ఇవ్వాలనిపించింది. ఫలానా క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసురుతూ జట్టు దాడిని నడిపించే ఆటగాడు, జట్టు మారాడని వార్త రాగానే అతని ప్రతిభను తూచడానికి తొందరపడకు. అతనికిచ్చే జీతం పోను మిగతావారికి ఎంత మిగులుతుందో ముందు లెక్క వేసుకో.

క్వార్టర్‌బ్యాక్ మైక్ రైలీ సంగతే చూడు. 2019లో ఒక్కో జట్టు తన ఆటగాళ్లందరి జీతాలకూ కలిపి పెట్టగల ఖర్చుకు లీగ్ విధించిన పరిమితి 52.5 లక్షల డాలర్లు. ఆ ఫిబ్రవరిలో బీసీ లయన్స్ జట్టు ఎడ్మంటన్ నుంచి వచ్చిన రైలీతో నాలుగేళ్లకు సుమారు 29 లక్షల డాలర్ల ఒప్పందం చేసుకుంది. అంటే ఏటా పరిమితిలో దాదాపు ఏడో వంతు ఒక్కరికే పోగా, నలభై మందికి పైగా ఉన్న మిగతా జట్టంతా మిగిలిన దానిలో సర్దుకోవాలి. ఆ ఏడాది అతని ముందు నిలబడి కాపాడవలసిన ఆఫెన్సివ్ లైన్ బలహీనపడి, రైలీ పదే పదే నేలకూలి, చివరికి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. జట్టు ఐదు గెలిచి పదమూడు ఓడింది. ఓటమికి జీతమొక్కటే కారణమని రాయకు, అది అన్యాయం. కానీ అతని ముందున్న వరుసకు ఎంత ఖర్చు పెట్టగలిగారన్న ప్రశ్న అడగకుండా మాత్రం వదలకు.

2022 జనవరిలో రైలీ రిటైర్ కాగానే, తొలి ఒప్పందం నాటి చిన్న జీతంతోనే ఆడుతున్న నేథన్ రూర్క్ చేతికి జట్టు వచ్చింది. ఆ సీజన్‌లో లయన్స్ పన్నెండు గెలిచారు. ఆగస్టులో అతని పాదానికి గాయమైతే, మాంట్రియల్ నుంచి మరో క్వార్టర్‌బ్యాక్ వెర్నన్ ఆడమ్స్‌ను వెంటనే ట్రేడ్‌లో, అంటే జట్ల మధ్య మార్పిడిలో, తెచ్చుకున్నారు. రూర్క్ జీతం తక్కువ కావడమే ఆ వెసులుబాటు ఇచ్చిందని నా నమ్మకం.

పరిమితి దాటితే ఏమవుతుందో కూడా పాఠకులకు చెప్పు. మొదటి లక్ష డాలర్ల వరకు దాటినంత జరిమానా కడితే చాలు. ఆపైన జరిమానా రెట్టింపవుతుంది, కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి రౌండ్ అవకాశం కూడా పోతుంది. ఆరు ఆటల గాయాల జాబితాలో ఉన్నవారి జీతం లెక్కలోకి రాదు కనుక, ఆ జాబితాను కూడా ఓ కంట కనిపెట్టు.

ఇక మీ ఊరి కథ. 2022లో కాల్గరీ జట్టు తన క్వార్టర్‌బ్యాక్ బో లెవై మిచెల్‌ను పక్కన పెట్టి జేక్ మయర్‌ను ఎంచుకుంది. ఆ నవంబరులో మిచెల్‌తో ఒప్పందం మాట్లాడుకునే హక్కులు హామిల్టన్‌కు వచ్చాయి, జనవరిలో మూడేళ్ల ఒప్పందం కుదిరింది. మొదటి ఏడాది గాయాలతోనే గడిచిపోవడంతో, 2024 సీజన్‌కు ముందు అదే ఒప్పందాన్ని జీతం తగ్గించి మళ్లీ రాసుకున్నారు. ఆ సీజన్‌లోనే అతను బంతి విసిరి సాధించిన 5,451 గజాలతో లీగ్‌లో అందరికంటే ముందు నిలిచాడు, అయినా హామిల్టన్ ప్లేఆఫ్స్‌కు చేరలేదు. ఇలాంటి సర్దుబాటును అవమానంగా చిత్రించకు. మైదానంలో తనకు తోడుగా నిలిచేవారి కోసం ఆటగాడు వదులుకున్న డబ్బుగా కూడా దాన్ని చూడవచ్చు.

పేరు ప్రతిష్ఠలు కూడా లెక్కల ముందు నిలవవు. లీగ్ ఫైనల్ అయిన గ్రే కప్‌లో 2023లో ఉత్తమ ఆటగాడిగా నిలిచిన క్వార్టర్‌బ్యాక్ కోడీ ఫహార్డోను మాంట్రియల్ 2024 డిసెంబరులో ఎడ్మంటన్‌కు పంపింది, ఎందుకంటే డేవిస్ అలెగ్జాండర్ అనే యువకుడు అప్పటికే సిద్ధంగా ఉన్నాడు.

పత్రికల్లో వచ్చే పెద్ద అంకెలో ఖాయమైన జీతమెంత, ఆడితేనే వచ్చే బోనస్ ఎంత అన్నది విడదీసి చూడు. ఇక జట్టులో ఉంచుకున్నందుకు ఇచ్చే బోనస్ చెల్లించవలసిన తేదీ దగ్గరపడే కొద్దీ ఆటగాణ్ణి ఉంచుకోవాలో వద్దో జట్లు తేల్చుకుంటాయి కనుక, ఈ శీతాకాలంలో జనవరి నుంచి, ఒప్పందం ముగిసినవారు ఏ జట్టులోనైనా చేరగల ఫ్రీ ఏజెన్సీ మొదలయ్యే ఫిబ్రవరి రెండో మంగళవారం దాకా వచ్చే ప్రతి వార్తనూ తేదీతో సహా రాసిపెట్టుకో. నీ మొదటి వ్యాసం అచ్చయ్యాక నాకు పంపు.

ఇట్లు,
మీ మామయ్య