హిప్‌హాప్‌తో సంగీతం చెప్పబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. సికింద్రాబాద్‌లో ప్రత్యేక పాఠశాలలో సంగీతం చెప్పడానికి చేరావనీ, ఆటిజం, ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం), డిస్లెక్సియా (చదవడం, రాయడంలో ఇబ్బంది) ఉన్న పిల్లలంతా ఒకే తరగతిలో ఉన్నారనీ, పాఠం సరళీ స్వరాల దగ్గరే ఆగిపోతోందనీ, అందుకే హిప్‌హాప్‌తో చెప్పాలనుకుంటున్నాననీ రాశావు. తాళానికి మాటలు పలికే ర్యాపూ, రికార్డులు వేసే డీజే పనీ, నాట్యమూ కలిసిన ఆ కళను ఎత్తుకుంటే పెద్దవాళ్లు ఏమంటారోనన్న సంకోచం పెట్టుకోకు. మృదంగం చెప్పుకుని బతికిన నేనే చెబుతున్నాను, నిశ్చింతగా మొదలుపెట్టు.

1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో, ఒక అపార్టుమెంటులో జరిగిన పార్టీని హిప్‌హాప్ పుట్టినరోజుగా చెప్పుకుంటారు. ఆ రోజు రికార్డులు వేసిన డీజే కూల్ హెర్క్ కనిపెట్టిన సంగతి ఒకటుంది: పాట ఆగి డ్రమ్స్ మాత్రమే మోగే ఆ కాసేపటి కోసమే నాట్యం చేసేవాళ్లు కాచుకుని ఉంటున్నారు. ఒకే రికార్డు ప్రతులు రెండింటిని రికార్డులు తిప్పే రెండు టర్న్‌టేబుళ్ల మీద పెట్టి, ఆ చిన్న ముక్కనే మళ్లీ మళ్లీ వినిపిస్తూ అతను దాన్ని సాగదీశాడు. అంటే ఈ కళకు పునాదే పునరావృత్తి. తరువాత ఏమి రాబోతోందో తెలిస్తే తప్ప కుదుటపడని పిల్లలకు మారని లూపు, అంటే అలా తిరిగి తిరిగి వచ్చే ముక్క, కొండంత అండ. అందుచేత నిమిషానికి 80, 90 దెబ్బల మధ్య ఒక లూపును ఎంచుకుని, వారాల తరబడి దాన్నే ఉంచు. విసుగు ముందుగా నీకే వస్తుంది; ఓర్చుకో.

ఇక మాటల సంగతి. విన్న వాక్యాన్నే పదేపదే పలికే పిల్లవాణ్ణి మనం సాధారణంగా ఆపబోతాం. నా దగ్గరకు వచ్చిన ఒక అబ్బాయి మెట్రో ప్రకటనను, అందులోని గొంతు తీరుతో సహా, రోజంతా చెప్పేవాడు. దాన్ని ఫోనులో రికార్డు చేసి లూపు మీద పెట్టాము. 'తదుపరి స్టేషన్' మొదటి రెండు దెబ్బల్లో ఒదిగింది, 'అమీర్‌పేట' మూడో దెబ్బకు వచ్చింది, నాలుగోది ఖాళీ. ఆ ఖాళీలో అతను బల్ల మీద ఒక్క దెబ్బ వేశాడు, ప్రతిసారీ సరిగ్గా అక్కడే. ఎక్కడో విన్న ముక్కను తెచ్చి తన తాళంలో నిలబెట్టుకోవడాన్నే హిప్‌హాప్‌లో శాంప్లింగ్ అంటారు. దానికక్కడ గొప్ప గౌరవం ఉంది. ఆ వాక్యాన్ని మార్చమని అడగకు. ఊరి పేరు ఒక్కటి మార్చి నువ్వు పాడి చూపించు, అందుకుంటే అందుకుంటాడు.

డిస్లెక్సియా ఉన్నవారి చేత సాహిత్యం రాయించకు, చెప్పించి రికార్డు చేయి. అంత్యప్రాసలు మన పిల్లలకు కొత్త కాదు. 'చెమ్మచెక్క చారడేసి మొగ్గ' ఆ లూపు మీద చక్కగా కూర్చుంటుంది. కదలకుండా ఉండలేని పిల్లకు అడుగులు వేసే పని ఇవ్వు, బ్రేకింగ్ అనే నాట్యం కూడా ఈ కళలో భాగమే. మాట్లాడని పిల్లవాడు మీట నొక్కి బీటు (తాళపు దెబ్బలు) మోగిస్తే అతనే ఆ రోజు డీజే. చేతులు ఆడిస్తుంటే ఆడించనీ. ఆ ఊపునే తాళంగా తీసుకో.

అసలు జాగ్రత్త శబ్దం దగ్గర ఉండాలి. బోనాల తీన్‌మార్‌కు చెవులు మూసుకుని ఏడ్చే పిల్లవాడే, వాల్యూమ్ తన చేతిలో ఉంటే అదే దెబ్బను ఇష్టంగా వింటాడు. కాబట్టి ఆ మీటను వాళ్లకే అప్పగించు. గుండె అదిరేలా మోగే సబ్‌వూఫర్ స్పీకరు జోలికి వెళ్లకు. శబ్దం తగ్గించడానికి చెవులకు పెట్టుకునే మఫ్‌లనూ, గది బయట కూర్చునే చోటునూ సిద్ధంగా ఉంచు. పాఠం ఏ వరుసలో సాగుతుందో బొమ్మల కార్డులతో ముందే చూపించు. వలయంగా నిలబడి ఒకరి తరువాత ఒకరు ర్యాప్ చేసే సైఫర్ పెట్టినప్పుడు, 'నా వంతు వద్దు' అనడానికి కూడా ఒక కార్డు ఉండాలి. కళ్లలోకి చూడమని ఎవరినీ బలవంతం చేయకు. పాటల్లో బూతులుంటాయన్న భయమైతే పదాలు లేని బీటులే వాడు. తల్లిదండ్రులకు దీన్ని చికిత్స అని చెప్పకు. మ్యూజిక్ థెరపీ వేరే విద్య, నువ్వు చెబుతున్నది సంగీతం.

వార్షికోత్సవం దగ్గరపడేసరికి పిల్లలకు టోపీలూ గొలుసులూ వేసి వేదిక ఎక్కిద్దామని ఎవరో ఒకరు తప్పక అంటారు. ఒప్పుకోకు. అమెరికాలోని నల్లజాతి, లాటిన్ యువకులు తమ పేటల్లో నిర్మించుకున్న కళను వేషంగా చూపడం వాళ్లకూ అవమానమే, మన పిల్లలకూ అవమానమే. పిల్లలు చేసిన ట్రాకును వినిపించి, ఎక్కుతామన్న వారినే ఎక్కించు. వారిని ముందుగా ఆ హాలుకు రెండు మూడుసార్లు తీసుకెళ్లి, అక్కడి మైకునూ దీపాలనూ అలవాటు చేయి. చప్పట్లకు బదులు చేతులు పైకెత్తి ఊపమని సభవారికి నువ్వే ముందుగా చెప్పు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు