మూడెకరాల గడ్డి కాల్చి, నాలుగు వందల కట్టలు కొన్నాను

జనాభా ఇలా పెరుగుతుంటే భూమినీ నీళ్లనూ పాడుచేయకుండా అందరికీ పాలు, మాంసం అందించడం సాధ్యమేనా, అసలు పశుపోషణే మానేస్తే మంచిదా అని అడిగారు. మాంసం సంగతి నాకు అంతగా తెలియదు. పాల సంగతి చెప్తాను, అందులో చేతులు కాల్చుకున్నవాణ్ణి కాబట్టి.

మాది నల్గొండ జిల్లా, దేవరకొండ వైపు. మా ఊరికి కాలువ లేదు, సాగంతా బోర్ల మీదే. 2019లో హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి, యూట్యూబ్ వీడియోలు చూసి, హర్యానా వెళ్లి ఆరు ముర్రా జాతి బర్రెలు తెచ్చాను. ఒక్కోటి లక్షా పదివేలు. పూటకు ఎనిమిది, రోజుకు పదహారు లీటర్లు అన్నాడు అమ్మినాయన, మా ముందే పిండి చూపించాడు కూడా. ముందు పూట పాలు పిండకుండా పొదుగులోనే ఆపి, మనం వచ్చాక పిండుతారని తర్వాత తెలిసింది. నాలుగు రోజులు లారీలో నిలబడి వచ్చి మా ఎండలు చూశాక ఒక్కటి కూడా రోజుకు తొమ్మిది దాటలేదు. ఆ వీడియోలు తీసేవాళ్ల గురించి మొదలుపెడితే రాత్రి దాకా రాయాల్సి వస్తుంది, వదిలేస్తున్నా.

ఆ తొమ్మిదైనా ఊరికే రావు కదా. రెండు లీటర్ల పాలకు కిలో లెక్కన దాణా, ఒంటి కోసం ఇంకో కిలో. మక్కలు, పత్తి చెక్క, తవుడు, అన్నీ కొనుడే. పాల కేంద్రంలో వెన్న శాతం చూసి లీటరుకు నలభై చిల్లర కట్టేవారు, ఆ డబ్బు వచ్చినరోజే దాణా కొట్టుకు వెళ్లిపోయేది. "బర్రెను తెచ్చినవా, దాని నోరును తెచ్చినవా బిడ్డా" అనేది అమ్మ. అప్పుడు కోపం వచ్చేది కానీ మీ ప్రశ్నకు అసలు జవాబు ఆ మాటలోనే ఉందని ఇప్పుడనిపిస్తుంది.

2020 నవంబర్. మూడెకరాల వరి మిషన్‌తో కోయించాను. మిషన్ కోసిన గడ్డి పొలమంతా చెల్లాచెదురుగా పడుతుంది, దాన్ని ఏరి మోపులు కట్టి వాము వేయడానికి ఇప్పుడు మనుషులెక్కడ? కట్టలు కట్టే మిషన్ మా వైపు దొరకలేదు. యాసంగి నారు సిద్ధంగా ఉంది, బోరు ఎప్పుడు చేతులెత్తేస్తుందో అని టెన్షన్. అందరూ అంటిస్తున్నారు, నేనూ ఒక సాయంత్రం అంటించాను. అరగంట కూడా పట్టలేదు.

ఏప్రిల్ వచ్చింది. పాత వాము అయిపోయింది. ఎకరం సూపర్ నేపియర్ పచ్చిగడ్డి వేసుకున్నాను కదా అని ధీమాగా ఉంటే బోరు ఆగి ఆగి పోయడం మొదలుపెట్టింది, గడ్డి మోకాలెత్తులోనే ఎండింది. (బోర్ల మీద నేపియర్ వేయమని సలహా ఇచ్చేవాళ్లు ముందు బోరు ఎన్ని గంటలు పోస్తుందో అడగాలి.) ఇక దిక్కులేక మిర్యాలగూడ వైపు నుంచి నాలుగు వందల కట్టలు తెప్పించాను. అక్కడ పొలంలో కట్ట ముప్పై రూపాయలు, మా కొట్టం దగ్గర దిగేసరికి అరవై. కట్టకు పదిహేను కిలోలు వేసుకున్నా ఆరు టన్నులు. నేను కాల్చిన గడ్డి కూడా ఎకరానికి రెండు టన్నుల లెక్కన ఇంచుమించు అంతే. ఇరవై నాలుగు వేలు.

లారీ రాత్రి పదకొండుకు వచ్చింది. దించుతుంటే డ్రైవర్ టీ తాగుతూ, "దారెంట అన్నీ వరి పొలాలే ఉన్నయి గద అన్నా, మీకాడ గడ్డి లేదా?" అన్నాడు. నేను నీళ్లు నములుతుంటే అమ్మ అందుకుంది: "ఎందుకు లేదు బిడ్డా, మస్తుగుండె. మావోడు కార్తీక దీపం పెట్టిండు."

2050 నాటికి 970 కోట్ల జనాభా అంటున్నారు, ఆవులూ బర్రెలూ మనుషుల తిండి తినేస్తాయని భయపెడుతున్నారు. ప్రపంచంలో పశువులు తినే మేతలో 86 శాతం మనిషి తినలేనిదే అని 2017లో ఎఫ్‌ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. గడ్డి, ఆకు, నూనె తీసిన చెక్క, తవుడు. మనం తినలేనిదాన్ని పాలుగా మార్చే జంతువు మన శత్రువు ఎలా అవుతుంది? మన దేశంలో 2023-24లో దాదాపు 24 కోట్ల టన్నుల పాలు వచ్చాయి, ప్రపంచంలో మనమే ముందు, అందులో ఎక్కువ భాగం రెండు మూడు పశువులున్న ఇళ్లవే. ఆ మేత కాల్చేసి, దాని బదులు మక్కలు పెట్టి, మళ్లీ పర్యావరణం గురించి మాట్లాడటం, అది తప్పు.

అలాగని పాతకాలమే బంగారం అనేవాళ్లతోనూ నాకు పడదు. మా నాయనమ్మ వరిగడ్డి, కుడితి మీదే నాటు బర్రెను సాకింది, అది రోజుకు రెండు లీటర్లిచ్చేది. రెండు లీటర్లిచ్చే బర్రె కూడా నెమరేస్తుంది, మీథేన్ వదులుతుంది, లీటరు లెక్కన చూస్తే ఎక్కువే వదులుతుంది. వట్టి వరిగడ్డిలో మాంసకృత్తులు మూడు నాలుగు శాతమే, కడుపు నిండుతుంది అంతే.

అందుకే, గడ్డిలో మాంసకృత్తులు పెరగాలని, ఆ కట్టల్లో సగం విప్పి యూరియా నీళ్లతో మాగబెట్టాను. వంద కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియా, యాభై అరవై లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించి, వరుస వరుసకూ చల్లుతూ తొక్కి, గాలి చొరకుండా కవర్ కప్పి 21 రోజులు ఉంచాలి. విప్పిన రోజు ఆ ఘాటుకు కళ్లు మండాయి. కాసేపు గాలికి ఆరబెట్టి వేస్తే మొదటి రెండు రోజులు బర్రెలు మూతి తిప్పుకున్నాయి, మూడో రోజు నుంచి తిన్నాయి. ఆరు నెలల లోపు దూడలకు మాత్రం వేయకండి. నెల తిరిగేసరికి రోజుకు కిలో దాణా తగ్గించినా పాలు తగ్గలేదు. అప్పటికి వానలు పడి చల్లబడింది, అందువల్ల అని మా తమ్ముడి వాదన. గడ్డి వల్లే అని నా నమ్మకం.

ఈ సంగతి వాట్సాప్ గ్రూప్‌లో పెడితే, మా దగ్గర పాలు పోయించుకునే ఒక ఖాతా పోయింది. "యూరియా పాలా అండీ" అని ఆవిడ మానేసింది, ఎంత చెప్పినా వినలేదు. ఆవిడే ఇప్పుడు లీటరు నూట ఇరవై పెట్టి ఏ2 పాలు (నాటు ఆవు పాలని అమ్మేవి) పోయించుకుంటోందట. ఆ ఆవు ఏం తింటోందో అడిగిందో లేదో.

ఆరింటిలో మూడు అమ్మేశాను, మూడున్నాయి, రెండు పెయ్యలు ఎదుగుతున్నాయి. మొన్న వానాకాలం కోతకు కట్టల మిషన్ దొరికింది, డబ్బులొద్దు, సగం కట్టలు నాకు, సగం మీకు అన్నాడు అతను. సరే అన్నాను. మన గడ్డి సగం వాడికెందుకియ్యాలె అని అమ్మ ఇంకా అలిగే ఉంది.