మిరప ధరల మీద పీహెచ్‌డీకి ఎన్ని లెక్కలు రావాలి?

అప్లైడ్ ఎకనామిక్స్ పరిశోధనపై విజయవాడ, గుంటూరు ప్రాంతాల పాఠకులు పంపిన ప్రశ్నలకు జవాబులివి.

ఇంటర్‌లో సీఈసీ, తెలుగు మీడియంలో బీఏ, తర్వాత 58 శాతంతో ఎంఏ ఎకనామిక్స్ చదివాను. లెక్కలు పదో తరగతితోనే ఆగిపోయాయి. అప్లైడ్ ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీ చేయగలనా?
– పాఠకురాలు, తెనాలి

అర్హతకు ఢోకా లేదు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం రెండేళ్ల పీజీలో 55 శాతం ఉంటే చాలు. రిజర్వేషన్ వర్గాలకు 5 శాతం సడలింపు కూడా ఉంది. యూజీసీ నెట్ పరీక్ష రాయండి. పేపర్-1లో 50, పేపర్-2లో 100 ప్రశ్నలు, ఒక్కోదానికి రెండు మార్కులు, మొత్తం మూడు గంటలు. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఏ ప్రశ్ననూ వదలొద్దు. ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే వస్తుంది. మీకు అసలు ఇబ్బంది అక్కడే ఎదురుకావచ్చు. సిలబస్‌లోని పదాలను ఇప్పటినుంచే ఇంగ్లిష్‌లో చదవడం అలవాటు చేసుకోండి. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) రాకపోయినా, పీహెచ్‌డీకి మాత్రమే అర్హత వచ్చినా అడ్మిషన్‌లో ఆ స్కోరుకు 70, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ ఉంటుంది. ఆ స్కోరు ఏడాదే చెల్లుతుంది.

లెక్కల సంగతి. ఇంటర్ ఎంపీసీ పాత సిలబస్ పుస్తకాలు దొరికితే సంపాదించండి. 1ఏలో మాత్రికలు, 1బీలో అవకలనం, దాని అనువర్తనాల్లో గరిష్ఠాలు కనిష్ఠాలు, 2ఏలో సంభావ్యత, యాదృచ్ఛిక చలరాశులు. ఈ వరుసలో చేస్తే చాలు, త్రికోణమితి జోలికి వెళ్లక్కర్లేదు. ఆ తర్వాత డిగ్రీ స్థాయి స్టాటిస్టిక్స్, అటుపైనే ఎకనామెట్రిక్స్, అంటే ఆర్థిక డేటాను గణాంకాలతో విశ్లేషించే శాస్త్రం. చాలామంది నేరుగా ఎకనామెట్రిక్స్‌లోకి దూకి సూత్రాలు బట్టీ పడతారు. 'స్టాండర్డ్ ఎర్రర్ (అంచనాలోని అనిశ్చితి) ఎందుకు పెరిగింది?' అని గైడ్ అడిగేసరికి నోరు పెగలదు. మీకు మీరే ఒక పరీక్ష పెట్టుకోండి. ఆదాయాన్ని లాగ్‌లో తీసుకున్నప్పుడు ఎకరం భూమికి గుణకం 0.08 వచ్చిందంటే ఏమిటి? ఎకరం పెరిగితే ఆదాయం సుమారు 8 శాతం ఎక్కువని. దీన్ని తడుముకోకుండా చెప్పగలిగిన రోజు తర్వాతి అధ్యాయం తెరవండి.

బీటెక్ సీఎస్‌ఈ ఫైనలియర్. పైథాన్ బాగా వచ్చు. అమెరికాలో అప్లైడ్ ఎకనామిక్స్ పీహెచ్‌డీకి ఏం తక్కువవుతుంది?
– పాఠకుడు, విజయవాడ

రెండు తక్కువ. ఒకటి, మైక్రో, మాక్రో సిద్ధాంతం. రెండోది నిరూపణలు. ఇంజినీరింగ్ గణితం జవాబు రాబట్టడం నేర్పుతుంది గానీ, అది ఎందుకు నిజమో రుజువు చేయమనడం తక్కువ. అక్కడ మొదటి ఏడాది మైక్రో, మాక్రో, ఎకనామెట్రిక్స్ క్లాసులుంటాయి. వాటిపై పెట్టే క్వాలిఫయింగ్ పరీక్షలో మనవాళ్లు తడబడేది ఈ నిరూపణల దగ్గరే. ఒక రియల్ అనాలిసిస్ కోర్సు ముందే చేసి ఉంటే దరఖాస్తుకూ బలం.

మిన్నెసోటా, కార్నెల్, విస్కాన్సిన్, డేవిస్ లాంటి చోట్ల ఈ విభాగాల మూలం వ్యవసాయ అర్థశాస్త్రమే. పంటలు, నీరు, ఆహారం మీద ఆసక్తి చూపేవారికి అక్కడ ఆదరణ ఉంటుంది. దరఖాస్తుల గడువు ఎక్కువగా డిసెంబరు, జనవరిల్లో ముగుస్తుంది. సిఫారసు లేఖల్లో ఒకటైనా మీ చేత పరిశోధన పని చేయించిన వారిది కావాలి. ప్రిన్సిపాల్ గారి 'క్రమశిక్షణ గల విద్యార్థి' లేఖ ఎందుకూ కొరగాదు. ఫీజు మాఫీ, స్టైపెండ్ లేకుండా సీటిస్తామంటే వెళ్లొద్దు. ముందు ఇక్కడే ముంబయి ఐజీఐడీఆర్‌లోనో, ఐఎస్‌ఐ (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్)లోనో, ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లోనో పీజీ చేసి వెళ్లడం ఇంకా గట్టి దారి.

గుంటూరు యార్డు మిరప ధరలపై పీహెచ్‌డీ మొదలుపెట్టాను. 2025 ఫిబ్రవరిలో కేంద్రం క్వింటాలుకు రూ.11,781తో ప్రకటించిన మార్కెట్ జోక్యం పథకం ధరను నిలబెట్టిందా అన్నది తేల్చాలనుంది. ప్రభుత్వ మార్కెట్ ధరల పోర్టల్ ఎగ్‌మార్క్‌నెట్ రోజువారీ ధరలు ఎక్సెల్‌లో ఉన్నాయి. తర్వాతేం చేయాలి?
– పరిశోధక విద్యార్థి, మంగళగిరి

రిగ్రెషన్ (ఒక అంశం మారితే మరొకటి ఎంత మారుతుందో లెక్కగట్టడం) తర్వాత సంగతి, ముందు ఫైలు సరిచూడండి. 03-04-2024 అన్న తేదీని ఎక్సెల్ ఏప్రిల్ 3గా తీసుకుందా, మార్చి 4గా తీసుకుందా? దించుకున్న అసలు ఫైలును ముట్టుకోకుండా పక్కన పెట్టి, ప్రతి మార్పునూ ఆర్ అనే సాఫ్ట్‌వేర్‌లో స్క్రిప్టుగా రాయండి. అది ఉచితమే.

ఇక ఖాళీ రోజులు. యార్డుకు వారాంతపు సెలవులున్నాయి, వేసవి సెలవులున్నాయి. ఆ ఖాళీల్లో సున్నా పడితే సగటు కుప్పకూలుతుంది. పోనీ అని నిన్నటి ధరే నింపుకుంటూ పోతే, లేని నిలకడ కనబడుతుంది. ఖాళీని ఖాళీగానే ఉంచి వారపు లెక్క కట్టండి. మోడల్ ధర అంటే ఎక్కువ సరుకు అమ్ముడైన ధరే తప్ప సగటు కాదు. తేజ, 334, బ్యాడిగి రకాలు విడివిడిగా ఉన్నాయో లేదో చూడండి. తాలు కాయ (రంగు వెలిసిన నాసి కాయ) మంచి కాయతో కలిసిపోతే, తాలు ఎక్కువగా వచ్చిన వారాల్లో ధర పడిపోయినట్టు ఉంటుంది. నిజానికి పడింది నాణ్యత.

అసలు చిక్కు యార్డుకు సరుకు రాక దగ్గర. యార్డుకు బస్తాలు తగ్గాయంటే పంట తగ్గిందని కాదు. ధర పెరుగుతుందన్న ఆశ ఉన్నవాళ్లు సరుకును ఏసీలో, అంటే శీతల గిడ్డంగిలో పెడతారు. రాక ధరను మారుస్తుంది, ధర రాకను మారుస్తుంది. అందుకని ధరను రాక మీద రిగ్రెస్ చేసి వచ్చిన గుణకాన్ని గిరాకీ అని రాయకూడదు. దీనికి విరుగుడుగా వానను ఇన్‌స్ట్రుమెంట్‌గా (ధరను రాక ద్వారా మాత్రమే తాకే అంశంగా) వాడేవాళ్లున్నారు. కళ్లాల్లో కాయ ఆరబెట్టేటప్పుడు పడిన వాన మాత్రం పనికిరాదు. అది కాయ రంగు చెడగొట్టి, రాకతో నిమిత్తం లేకుండానే ధరను దించుతుంది. మొక్క ఎదిగే నెలల వాన కొంత నయం.

ఇక మీ ప్రశ్న. మిరపకు కనీస మద్దతు ధర లేదు కాబట్టి ఈ పథకం ప్రత్యేకమే. అయినా 'ముందు ఇంత, తర్వాత ఇంత' అని చూపితే చెల్లదు. సీజన్ నడిచేకొద్దీ పథకం ఉన్నా లేకపోయినా ధర కదులుతుంది. పథకం వర్తించని ఖమ్మం, వరంగల్ ఎనుమాముల యార్డులతో పోల్చాలనిపిస్తుంది. అక్కడి వ్యాపారి కూడా గుంటూరు ధర చూసే పాట పాడతాడు, కనుక పోలిక కలుషితమే. పైగా మూడు యార్డుల వెయ్యి రోజులంటే మూడు వేల స్వతంత్ర పరిశీలనలు కావు. యార్డు వారీగా క్లస్టర్ చేసినా (ఒక యార్డు రోజులన్నిటినీ ఒకే గుంపుగా లెక్కించినా) మూడంటే మూడే, ఆ స్టాండర్డ్ ఎర్రర్లను నమ్మలేం. ఒక అధ్యాయంలో గత సీజన్ల అవే వారాలతో పోల్చి, ధర ఎలా కదిలిందన్నంత వరకే చెప్పండి. పథకం ఎవరికి అందిందన్నది రైతుల సర్వేతో మరో అధ్యాయం చేయండి. ధరలు కొన్నేళ్లవైతే ద్రవ్యోల్బణం తీసేసి, యూనిట్ రూట్ పరీక్ష (ధర ఒక స్థిరమైన సగటు చుట్టూ తిరుగుతోందా లేదా అన్నది) చేశాకే ముందుకెళ్లాలి.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లోని గుంటూరు జిల్లా అంకెలను ఇప్పటి గుంటూరుతో పోల్చవచ్చా?
– పాఠకుడు, నరసరావుపేట

కుదరదు. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. పాత గుంటూరులో మీ ఊరూ ఉంది, ఇప్పుడది పల్నాడులో ఉంది. పోనీ గుంటూరు, పల్నాడు, బాపట్ల కలిపేద్దామంటే బాపట్లలోకి పాత ప్రకాశం నుంచి చీరాల, పర్చూరు ప్రాంతాలు వచ్చాయి. మూడూ కూడితే పాతదానికంటే ఎక్కువవుతుంది. మండలం దాకా వివరం ఉన్న డేటా అయితే మండలాల నుంచి పాత జిల్లాను కట్టుకోండి. లేదంటే ఆ పోలిక వదిలేయండి.

మా అబ్బాయి పీహెచ్‌డీ అంటున్నాడు. ఎన్నేళ్లు? డబ్బేమైనా వస్తుందా?
– ఒక తండ్రి, విజయవాడ

కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. మొదట 12 నుంచి 16 క్రెడిట్ల కోర్సువర్క్ ఉంటుంది. జేఆర్‌ఎఫ్ వస్తే తొలి రెండేళ్లు నెలకు రూ.37,000, తర్వాత రూ.42,000. ఈ రేట్లు 2023 జనవరి నుంచి అమల్లోకి వచ్చాయి. రాకపోతే మాత్రం ఖర్చు ఇంటి మీదే అనుకుని దిగండి.

సీవీలో స్కిల్స్ కింద ఆర్, స్టాటా, పైథాన్ అని రాశాను. సరిపోతుందా?
– పాఠకురాలు, గుంటూరు

ఆ మూడు పేర్లు అందరి సీవీల్లోనూ ఉంటాయి. వాటితో ఏం చేశారో రాయండి. ఉదాహరణకు 'పీఎల్‌ఎఫ్‌ఎస్ (కేంద్రం చేసే శ్రామిక సర్వే) 2022-23 యూనిట్ డేటా నుంచి ఆంధ్రప్రదేశ్ మహిళల శ్రామిక భాగస్వామ్య రేటును లెక్కించి, ప్రచురిత అంకెతో సరిచూశాను' అన్న ఒక్క వాక్యం చాలు. రాసే ముందు నిజంగా చేసి చూడండి. అంకె కలవకపోతే ముందు వెయిట్లను (సర్వేలోని ఒక్కొక్కరు ఎంతమందికి ప్రతినిధో చెప్పే సంఖ్యలను) అనుమానించాలి. ఆ ఫైల్లో ఎన్‌ఎస్‌ఎస్, ఎన్‌ఎస్‌సీ అనే రెండు గళ్లు సమానమైతే వెయిట్‌కు మూలమైన మల్టిప్లయర్‌ను 100తో, కాకపోతే 200తో భాగించాలి. ఏడాది మొత్తానికి లెక్కిస్తుంటే త్రైమాసికాల సంఖ్యతో, అంటే సాధారణంగా 4తో, మళ్లీ భాగించాలి. ఈ చివరిది మరిచినా రేటు దాదాపు మారదు గనుక తప్పు బయటపడదు. ఒకసారి రాష్ట్ర జనాభా కూడి చూడండి, నాలుగింతలుగా వస్తే మరిచినట్టే.