‘సిరా సంతకం లేదు కాబట్టి అగ్రిమెంట్ చెల్లదు’ అంటే డబ్బు పోయినట్టేనా?

ప్రశ్న: మాది ముగ్గురు భాగస్వాములున్న ఫర్మ్. ప్యాకింగ్ సామగ్రి తయారుచేసి కంపెనీలకు సరఫరా చేస్తాం. ఏడాదిన్నర క్రితం ఒక కంపెనీతో సప్లై అగ్రిమెంట్ కుదిరింది. వాళ్లు ఈమెయిల్‌లో లింకు పంపితే, ఫోన్‌కు వచ్చిన ఓటీపీ కొట్టి తెర మీద వేలితో సంతకం గీశాను. వాళ్ల డైరెక్టర్ సంతకం మాత్రం ఫొటో తీసి అతికించినట్టుంది. మొదట కొన్ని బిల్లులకు డబ్బు ఇచ్చారు. ఆరు నెలలుగా ఆపేశారు. గట్టిగా అడిగితే ‘ఆ కాగితం మీద అసలు సంతకాలే లేవు, అది చెల్లదు’ అంటున్నారు. నిజమేనా? ఇంకో రెండు సందేహాలు. గోడౌన్‌కు అయిదేళ్ల లీజు రాసుకోవాలి. దాన్నీ ఇలాగే ఆన్‌లైన్‌లో సంతకం చేయొచ్చా? నా డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ మా అకౌంటెంట్ దగ్గరే ఉంటుంది. ఫర్వాలేదా?

జవాబు: వాళ్ల మాట నిజం కాదు. అలాగని మీరు నిశ్చింతగా కూర్చోవడానికీ లేదు. ఎందుకో చెబుతాను.

ఒప్పందం కాగితం మీదే ఉండాలని, కింద సిరాతో సంతకం పడాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం ఎక్కడా అనదు. ఒకరు అడిగారు, మరొకరు ఒప్పుకున్నారు, ఇచ్చిపుచ్చుకునేది ఉంది, ఇద్దరి సమ్మతిలో బలవంతం గానీ మోసం గానీ లేదు. ఇవి ఉంటే నోటిమాటతో కుదిరినదీ ఒప్పందమే. ఫలానా దస్తావేజు రాతపూర్వకంగానే ఉండాలని వేరే చట్టం ప్రత్యేకంగా చెబితే ఆ సంగతి వేరు. సరకు సరఫరాకు అలాంటి షరతు లేదు. పైగా 2000 నాటి ఐటీ (సమాచార సాంకేతిక) చట్టంలో 10ఏ సెక్షన్ ఉంది. ఎలక్ట్రానిక్ పద్ధతిలో కుదిరిందన్న ఒక్క కారణంతో ఒప్పందాన్ని చెల్లదనడానికి వీల్లేదని అది స్పష్టంగా చెబుతోంది. ట్రైమెక్స్, వేదాంత అల్యూమినియం మధ్య వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 2010లోనే ఈమెయిళ్లలో జరిగిన బేరాన్ని కట్టుబడాల్సిన ఒప్పందంగా గుర్తించింది. అక్కడ ఇరుపక్షాలూ లాంఛనంగా కాంట్రాక్టు పత్రం మీద సంతకాలు చేయనే లేదు.

మీ కేసులో మీరు సరకు పంపారు, వాళ్లు దించుకున్నారు, కొన్ని బిల్లులు చెల్లించారు కూడా. ఒప్పందమే లేదంటే ఆ డబ్బు దేనికి ఇచ్చినట్టు? కోర్టులో వాళ్లు మొదట జవాబు చెప్పాల్సింది దీనికే.

అసలు చిక్కు రుజువు దగ్గర మొదలవుతుంది. వ్యాపారులు చాలామంది పొరబడేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మనం మాటల్లో తెర మీద గీసినదాన్నీ, ఫొటో అతికించినదాన్నీ, పేరు టైపు చేసినదాన్నీ అన్నిటినీ ‘ఈ-సంతకం’ అనేస్తాం. ఐటీ చట్టం ఆ మాటను అంత విశాలంగా వాడదు. ఆ చట్టం లెక్కలో ఎలక్ట్రానిక్ సంతకం అంటే ముఖ్యంగా రెండే. ఒకటి, లైసెన్సు ఉన్న సర్టిఫయింగ్ అథారిటీ ఇచ్చిన సర్టిఫికెట్‌తో, యూఎస్‌బీ టోకెన్ పెట్టి చేసే డిజిటల్ సంతకం. కంపెనీల ఫైలింగులకు, టెండర్లకు మీరు వాడేది అదే. రెండోది, చట్టం రెండో షెడ్యూల్లో 2015లో చేర్చిన పద్ధతి. ఆధార్ ఓటీపీతో గానీ వేలిముద్రతో గానీ మనిషిని గుర్తించి, అప్పటికప్పుడు ఒక సర్టిఫికెట్ పుట్టించి సంతకం వేసే ఈ-సైన్. ఆ సర్టిఫికెట్‌కు అరగంటలో గడువు తీరిపోతుంది. సంతకం మాత్రం నిలిచి ఉంటుంది.

ఈ రెండింటిలో ఏదైనా ఉంటే భారతీయ సాక్ష్య అధినియం, అంటే 2024 జులై 1 నుంచి పాత ఎవిడెన్స్ చట్టం స్థానంలో వచ్చిన చట్టం, మీకు ఒక పెద్ద సాయం చేస్తుంది. ఇరుపక్షాల ఎలక్ట్రానిక్ సంతకాలు ఉన్న అగ్రిమెంట్‌ను, ఆ సంతకాలతోనే అది కుదిరినట్టు కోర్టు భావిస్తుంది. కాదని చూపించే భారం ఎదుటివాడి మీద పడుతుంది. మీరు వేలితో గీసినదానికీ, వాళ్లు అతికించిన ఫొటోకూ ఆ సాయం దొరకదు. ఒప్పందం చెల్లుతుంది, కానీ అది వాళ్లు చేసిందేనని మొదటి నుంచీ మీరే నిరూపించాలి. మీకొచ్చిన ఓటీపీ కూడా ఆధార్‌ది కాదని, సంతకాల వెబ్‌సైటు పంపిన మామూలు ఓటీపీ అని మీ వివరాలను బట్టి అనుకుంటున్నాను.

తేడా కళ్లతో చూడాలంటే ఒక పని చేయండి. టోకెన్‌తో సంతకం చేసిన పీడీఎఫ్ ఏదైనా మీ కంప్యూటర్లో తెరిచి, సంతకం ఉన్న గడి మీద నొక్కండి. ఎవరి సర్టిఫికెట్, ఏ తేదీ, ఏ సమయం, ఎవరు జారీ చేశారు అన్నీ బయటపడతాయి. సంతకం తర్వాత ఆ ఫైల్లో ఒక్క కామా మార్చినా పట్టుబడుతుంది. కొన్నిసార్లు ఆకుపచ్చ టిక్కుకు బదులు ప్రశ్నార్థకం కనిపిస్తుంది. దాన్ని చూసి సంతకం దొంగదని కంగారుపడకండి. మన దేశపు మూల సర్టిఫికెట్‌ను ఆ సాఫ్ట్‌వేర్ తన నమ్మకమైన జాబితాలో చేర్చుకోకపోవడం వల్ల తరచు అలా వస్తుంది. ఇప్పుడు అదే పీడీఎఫ్‌ను ప్రింటు తీసి చూడండి. కాగితం మీద పేరూ తేదీ ఉన్న బొమ్మ తప్ప ఇంకేమీ ఉండదు. నొక్కడానికి లేదు, పరీక్షించడానికి లేదు. సంతకం ఫైల్లోనే ఉండిపోయింది.

నా దగ్గరకు వచ్చిన ఒక సరఫరాదారు అలా ప్రింట్లన్నీ చక్కగా ఫైలు చేసి, కంప్యూటర్ మార్చినప్పుడు అసలు పీడీఎఫ్‌లనూ మెయిళ్లనూ తీసేశాడు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి లాయరు ‘అసలు ఫైలు ఎక్కడుంది?’ అని అడిగితే నా క్లయింటు నా వైపు చూశాడు. నా దగ్గర జవాబు లేదు. న్యాయంగా రావాల్సిన సొమ్ములో కొంత వదులుకుని రాజీ పడాల్సి వచ్చింది. అందుకే ఈ మాట ప్రతి క్లయింటుకూ మొదటి రోజే చెబుతున్నాను: ఆ అగ్రిమెంట్ పీడీఎఫ్‌ను, లింకు వచ్చిన మెయిల్‌ను ఈ రోజే యథాతథంగా భద్రపరచండి. ఇంకొకరికి ఫార్వర్డ్ చేసిన కాపీ చాలదు, మీ ఇన్‌బాక్స్‌లోకి వచ్చిన మెయిలే కావాలి. సంతకాలు చేయించిన వెబ్‌సైటు ఒక నివేదిక ఇస్తుంది. ఎవరి మెయిల్‌కు లింకు వెళ్లింది, ఏ నిమిషంలో తెరిచారు, ఏ ఐపీ అడ్రసు నుంచి ఒప్పుకున్నారు అన్నీ అందులో ఉంటాయి. వాళ్ల డైరెక్టర్ అతికించిన ఫొటో కన్నా అది ఎన్నో రెట్లు విలువైనది. ఖాతా మూతపడకముందే దాన్ని దించుకోండి.

ఇక అగ్రిమెంట్‌తో సంబంధం లేకుండానే నిలబడే సాక్ష్యం మీ దగ్గర చాలానే ఉండాలి. వాళ్ల పర్చేజ్ ఆర్డర్లు, వాళ్ల స్టోర్స్ ముద్ర పడిన డెలివరీ చలాన్లు, ఈ-వే బిల్లులు, బ్యాంకు ద్వారా వచ్చిన చెల్లింపులు. వీటన్నిటికన్నా నాకు నచ్చే సాక్ష్యం జీఎస్టీ రికార్డు. మీ ఇన్‌వాయిస్‌ల మీద వాళ్లు ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ (కొనుగోలు మీద కట్టిన పన్నును తాము కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడం) తీసుకుని ఉంటే, ఆ సరకు తమకు అందిందని ప్రభుత్వానికి చెప్పుకున్నట్టే. అక్కడ అందిందని చెప్పి, ఇక్కడ బేరమే లేదంటే ఏ జడ్జీ సులువుగా ఒప్పుకోరు. ‘వచ్చే నెల సర్దుతాం’ అంటూ వాళ్లు పంపిన మెయిళ్లు, వాట్సాప్ మెసేజీలు ఉంటే వాటినీ దాచండి. బాకీ వసూలు దావాకు మూడేళ్ల గడువు ఉంటుంది. ఆ గడువు లోపల బాకీని ఒప్పుకుంటూ పంపిన ఈమెయిల్ లిమిటేషన్ చట్టం కింద ఒప్పుకోలుగా పనికొస్తుందని, దాంతో గడువు మళ్లీ మొదలవుతుందని కర్ణాటక హైకోర్టు 2013లో చెప్పింది.

వీటిలో ఎలక్ట్రానిక్‌వి ఏవి కోర్టులో దాఖలు చేసినా సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద, ఆ రికార్డు ఏ పరికరంలోంచి ఎలా వచ్చిందో చెప్పే సర్టిఫికెట్ జతచేయాలి. పాత చట్టంలో 65బి అని అందరికీ తెలిసింది ఇదే. ఇప్పుడు ఇందులో రెండు భాగాలు. మొదటిది మీరు ఇవ్వాలి, రెండోది నిపుణుడు. ఫైలు హ్యాష్ విలువ (ఫైల్లో ఏ కొంచెం మార్చినా మారిపోయే గుర్తింపు సంఖ్య) కూడా రాయాలి. అర్జున్ పండిట్‌రావ్ ఖోట్కర్ కేసులో 2020లో సుప్రీంకోర్టు, అసలు పరికరాన్నే కోర్టు ముందు పెట్టలేనప్పుడు ఈ సర్టిఫికెట్ తప్పనిసరని తేల్చేసింది. దీన్ని చివరి నిమిషానికి వదిలేయకండి.

దావా వేసే ముందు మూడు సంగతులు చూసుకోండి. ఇవి మీరు అడగలేదు, కానీ అవతలి లాయరు తప్పక అడుగుతాడు.

మీ ఫర్మ్ రిజిస్టర్ అయిందా? కాకపోతే భాగస్వామ్య చట్టం 69వ సెక్షన్ ప్రకారం ఒప్పందం ఆధారంగా బయటివాళ్ల మీద ఫర్మ్ దావా వేయలేదు. సంతకాల గొడవ కన్నా ఇది పెద్ద గండం. రెండోది, అగ్రిమెంట్‌లో ఆర్బిట్రేషన్ క్లాజు (వివాదం వస్తే కోర్టుకు బదులు ప్రైవేటు తీర్పరి దగ్గర తేల్చుకోవాలన్న షరతు) ఉందా? ఉంటే, వివాదాన్ని ఆర్బిట్రేషన్‌కు పంపే అధికారం ఒక్క భాగస్వామికి తనంతట తానుగా ఉండదని అదే చట్టం 19వ సెక్షన్ చెబుతోంది. మీరొక్కరే సంతకం చేశారు కాబట్టి మిగతా ఇద్దరి రాతపూర్వక ఆమోదం తీసి ఉంచుకోండి. మూడోది స్టాంపు. కంప్యూటర్లో సంతకం చేశాం కదా, స్టాంపు ఎందుకని చాలామంది వదిలేస్తారు. స్టాంపు సుంకం మాఫీ అయిపోయిందని ఐటీ చట్టం ఎక్కడా చెప్పలేదు. సరిపడా స్టాంపు లేని పత్రాన్ని కోర్టు సాక్ష్యంగా తీసుకోదు. సుంకం, దాని మీద గరిష్ఠంగా పది రెట్ల దాకా జరిమానా కడితే లోపం తీరుతుంది. స్టాంపు లేకపోవడం సరిదిద్దుకోగల లోపమే గానీ అంతమాత్రాన ఒప్పందం రద్దు కాదని 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం చెప్పింది కూడా.

మీకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదు) ఉండి, సరకు పంపే నాటికే అది వచ్చి ఉంటే నేనైతే ముందు కోర్టుకు వెళ్లను. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు చెల్లింపు గడువు ఎంత రాసుకున్నా 45 రోజులు మించకూడదని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. మించితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ పడుతుంది. ఇలాంటి బాకీల వివాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ వడ్డీ లెక్క నోటీసులో చూస్తే చాలా కంపెనీలు మాట్లాడుకుందాం రమ్మంటాయి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ లేకపోతే కమర్షియల్ కోర్టు దారి. అత్యవసర ఉత్తర్వులు కోరకపోతే దావాకు ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లడం అక్కడ తప్పనిసరి.

గోడౌన్ లీజు విషయానికి వస్తే, వద్దు. అయిదేళ్ల లీజు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ కావాల్సిందే. ఏడాది దాటిన లీజు రిజిస్టర్డ్ దస్తావేజుతోనే జరగాలని ఆస్తి బదిలీ చట్టం 107వ సెక్షన్ అంటోంది. ఈ విషయంలో ఒక పొరపాటు ప్రచారం ఉంది. ఐటీ చట్టం ఏయే పత్రాలకు వర్తించదో చెప్పే మొదటి షెడ్యూల్లో స్థిరాస్తి అమ్మకపు ఒప్పందాలు ఉండేవి. 2022లో ఆ వరుసను తీసేశారు. దాంతో ఇక స్థలాలూ ఇళ్లూ ఆన్‌లైన్ సంతకంతో అయిపోతాయని కొందరు చెబుతున్నారు. రిజిస్ట్రేషన్ చట్టం ఎక్కడికీ పోలేదు. రిజిస్టర్ కాని లీజును అయిదేళ్ల హక్కు చూపించడానికి కోర్టు చదవదు. వీలునామా, ట్రస్టు పత్రం ఇప్పటికీ ఐటీ చట్టం పరిధిలోకి రావు. పవర్ ఆఫ్ అటార్నీ కూడా అంతే. రిజర్వు బ్యాంకు వంటి నియంత్రణ సంస్థల కింద పనిచేసే బ్యాంకుల్లాంటివాటికి ఇచ్చే పవర్ ఆఫ్ అటార్నీలకు మాత్రమే మినహాయింపు వచ్చింది.

ఇక టోకెన్. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇదే. ఆ టోకెన్, దాని పాస్‌వర్డ్ రెండూ ఒకరి దగ్గరే ఉన్నాయంటే, ఖాళీ తెల్ల కాగితాల మీద మీరు సంతకాలు చేసి కట్టలు కట్టి అప్పగించినట్టే. ఐటీ చట్టం 42వ సెక్షన్ ప్రకారం సంతకపు తాళంచెవి, అంటే టోకెన్‌లో ఉండే ప్రైవేట్ కీ, మీ అదుపులోనే ఉంచుకోవాల్సిన బాధ్యత మీది. అది చేయి దాటితే వెంటనే సర్టిఫయింగ్ అథారిటీకి తెలపాలి. తెలిపేదాకా బాధ్యత మీదే. దొంగతనంగా వాడినవాడికి 66సి కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా ఉన్నాయి. కానీ మీరే ఇచ్చి, ఏళ్ల తరబడి వాడనిచ్చి, ఒక రోజు వచ్చి దొంగతనం అంటే నమ్మించడం కష్టం. మీ అకౌంటెంట్ నిజాయితీ మీద నాకు అనుమానం లేదు. ఆయన ఉద్యోగం మానేసిన రోజు ఏం చేస్తారో ఆలోచించండి. టోకెన్ తెచ్చుకుని ఇవాళే పాస్‌వర్డ్ మార్చండి. ఇప్పటిదాకా ఏయే పత్రాల మీద దాన్ని వాడారో ఆయనతో కూర్చుని జాబితా రాయించుకోండి. మీకు తెలియనిది ఒక్కటి కనిపించినా ఆ సర్టిఫికెట్‌ను రద్దు చేయించి కొత్తది తీసుకోండి.

అగ్రిమెంట్, వెబ్‌సైటు ఇచ్చిన నివేదిక, ఆరు నెలల ఇన్‌వాయిస్‌లు, ఫర్మ్ రిజిస్ట్రేషన్ కాగితం పట్టుకుని ఈ వారంలోనే మీ దగ్గరి లాయరును కలవండి. నోటీసులో అగ్రిమెంట్‌తో పాటు ప్రతి ఇన్‌వాయిస్‌నూ నంబరు, తేదీలతో విడివిడిగా రాయించండి. అగ్రిమెంట్ మీద ఎంత గొడవ పడినా, దించుకున్న సరకుకు డబ్బు అడిగే మీ హక్కు ఆ ఇన్‌వాయిస్‌ల మీద విడిగా నిలబడుతుంది.