లాక్‌డౌన్ కేసులూ నేరాలేనా?

ప్రశ్న: అమ్మాయికి చెన్నైలో సీటొచ్చింది. నేరాల ర్యాంకులు చూసి ఇంట్లోవాళ్లు వద్దంటున్నారు. ఆ అంకెల్ని నమ్మొచ్చా?
– ఓ తల్లి, కావలి

జవాబు: ర్యాంకు చూసి సీటు వదులుకోకండమ్మా. దేశంలో నేరాల లెక్కలు ప్రకటించే కేంద్ర సంస్థ ఎన్‌సీఆర్‌బీ లెక్కపెట్టేది నమోదైన కేసుల్నే. ఫిర్యాదు తీసుకోని ఊరు మంచి ఊరైపోతుంది! ఒక ఎఫ్‌ఐఆర్‌లో నాలుగు నేరాలున్నా పెద్దదొక్కటే లెక్కకొస్తుంది. నగరాల రేటుకు 2011 జనాభానే వాడుతూ వచ్చారు. ఉదాహరణకు, 300 కేసుల్ని 5 లక్షల జనాభాతో భాగిస్తే లక్షకు 60. జనం 7 లక్షలకు పెరిగుంటే సుమారు 43. 2020లోనైతే లాక్‌డౌన్ ఉల్లంఘనలు ఐపీసీ 188 సెక్షన్ (అధికారుల ఆదేశాల్ని ధిక్కరించడం) కింద దేశమంతటా లక్షల్లో చేరి మొత్తాన్ని ఉబ్బించాయి. అందుకే మొత్తం వదిలేసి హత్యల రేటు చూడండి; శవాన్ని దాచడం కష్టం. మన నెల్లూరు, ఒంగోలు ఎన్‌సీఆర్‌బీ మెట్రో నగరాల పట్టికలోనే ఉండవు, జనాభా 20 లక్షలు దాటిన నగరాలకే అందులో చోటు. ఇక చెన్నైతో పోలికేముంది?